ఆ అధికారి అడిగిన ‘అమ్మ’

టోలీచౌకీలో అరబ్బు సరుకులు అమ్మే కొట్టు ముందు నుంచి వెళ్తుంటే ఎండి నల్లబడ్డ నిమ్మకాయల వాసన గుప్పుమంటుంది. కొంచెం పులుపు, కొంచెం పొగ. ఎవరికైనా ఆ వాసనకి మాంసం పులావు గుర్తొస్తుందేమో గాని, నాకు మాత్రం అది ఓబులమ్మత్త బట్టల వాసన.

మాది అమలాపురం దగ్గర పల్లె. నాన్న కువైట్‌లో ఏసీ మెకానిక్. నాకు ఎనిమిదేళ్ళు వచ్చేదాకా బ్నీద్ అల్ గార్‌లో ఒక పాత మేడలో రెండో అంతస్తులో ఉండేవాళ్ళం. సముద్రపు ఉక్కకి గోడలు కూడా చెమటలు పట్టే ఎండాకాలమంతా పిల్లలం మెట్ల మీద చల్లని గచ్చు వెతుక్కుని కూర్చుని అచ్చంగాయలు ఆడుకునేవాళ్ళం, పై నుంచి ఎవరి ఏసీ నీళ్ళో నెత్తిన పడితే పోట్లాడుకునేవాళ్ళం. శుక్రవారం మధ్యాహ్నాలు రెండు వీధుల అవతల అరబ్బుల ఇంట్లో వంట చేసే ఓబులమ్మ, రాయచోటి వైపు మనిషి, వాళ్ళ మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, ఇచ్చిన నిమ్మకాయల పులావు గిన్నెలో పెట్టుకుని నల్లటి అబాయా సర్దుకుంటూ వచ్చేది. మా అమ్మ మాంసం ముట్టదు కాబట్టి మూతి తిప్పుకునేది, నేనూ నాన్నా వంటింటి గుమ్మంలోనే ఆ గిన్నె ఖాళీ చేసేవాళ్ళం. నాన్నని ‘అన్నా’ అనేది, అమ్మని ‘వదినా’ అనేది, అంచేత నాకు అత్త అయింది. మా వాళ్ళలో చుట్టరికానికి అంతకు మించిన కాగితం ఎవరూ అడగరు.

వరలక్ష్మీ వ్రతం ముందురోజు తెల్లవారుజామున పెద్ద చప్పుడుకి లేచాం. అమ్మ రాత్రి నానబోసిన శనగలు గిన్నెలో ఉబ్బి ఉన్నాయి. నాన్న కిటికీ తెర కొసన కన్ను పెట్టి చూసి, నన్ను వెనక్కి లాగేసి, మంచం కింద పడుకోబెట్టారు. ఇరాక్ సైన్యం వచ్చేసిందట. సముద్రం ఒడ్డు రోడ్డు మీద టాంకులు పోతుంటే మా గాజు గ్లాసులు అలమరలో వణికాయి. మర్నాడు అమ్మ తెరలన్నీ దించేసి, గంట కొట్టకుండా, గుసగుసగా కథ చదువుకుని వ్రతం చేసింది. తోరం కట్టించుకోవడానికి ఓబులమ్మత్త గోడల వారగా నక్కుతూ నడిచొచ్చింది, ఇక తిరిగి వెళ్ళలేదు. యజమానులు ఎండలకి చల్లని దేశం వెళ్ళారు, ఆమె పాస్‌పోర్టు వాళ్ళ ఇనప్పెట్టెలో ఉంది, తాళం వాళ్ళ దగ్గరుంది.

మూడు వారాలు ఆ ఇంట్లో నలుగురం బిక్కుబిక్కుమంటూ గడిపాం. రొట్టెల కోసం వరసలో నిలబడ్డ నాన్న వచ్చేదాకా అమ్మ తలుపు దగ్గర నుంచి కదిలేది కాదు. చివరికి మన ఊళ్ళ వాళ్ళు కొందరు కలిసి ఒక బస్సు మాట్లాడారు. మన దేశపు ఎంబసీలో ఇచ్చిన ప్రయాణపు కాగితంలో నాన్న ఓబులమ్మత్త పేరుని తన చెల్లెలిగా రాయించారు. ఎవరైనా ఈమె ఎవరని అడిగితే అత్త అనాలని, భయపడకూడదని దారిపొడుగునా నాకు నూరిపోశారు. బస్రా, బాగ్దాద్ దాటి పడమటి సరిహద్దు చేరేసరికి ఆ పాఠం నాకు ఎక్కంలా వచ్చేసింది.

సరిహద్దు అంటే గీత అనుకున్నాను. తీరా చూస్తే అది రెండు దేశాల గేట్లకి మధ్య మిగిలిపోయిన ఇసుక. వెనక గేటు పొమ్మంది, ముందు గేటు చాలామంది వచ్చేశారు ఇక రావద్దంది. మధ్యలో మేం ఐదు రోజులు ఉన్నాం. పగలు నడినెత్తిన ఎండ, టార్పాలిన్ కింద ఊపిరాడదు, ఒక డబ్బా నీళ్ళు నలుగురికి. లారీ మీద నుంచి రొట్టెలు విసిరేవాళ్ళు. కాళ్ళూ చేతులూ కడుక్కోకుండా పీట మీద ఎన్నడూ కూర్చోని మా నాన్న ఆ గుంపులో చేతులు చాచి ఎగరడం చూసి నేను మొహం తిప్పేసుకున్నాను. వరస తప్పితే కర్ర పడేది. గేటు ఒక పూట తెరిచేవాళ్ళు, ఎందుకో మూసేసేవాళ్ళు, ఎందుకని అడిగినవాడు వరస చివరికి పోయేవాడు. మేం యుద్ధం నుంచి పారిపోయి వచ్చాం గాని, నా ఎనిమిదేళ్ళ బతుక్కి టాంకుల కన్నా ఆ గేటంటేనే ఎక్కువ భయమేసింది.

ఐదో రోజు మా వంతు వచ్చింది. పాస్‌పోర్టు లేనివాళ్ళని ఒక పక్కకి నిలబెడుతున్నారు, కుటుంబంతో ఉన్నవాళ్ళని మాత్రం వదులుతున్నారు. బల్ల వెనక అధికారి కాగితం చూశాడు, ఓబులమ్మత్తని చూశాడు, నాన్నని చూశాడు. అన్నాచెల్లెళ్ళలా లేరన్నాడని నాన్న తర్వాత చెప్పారు. నాన్న అరబ్బీలో ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపి, నా వైపు వంగాడు. ఐదు రోజుల్లో మాతో నవ్వుతూ మాట్లాడిన మొదటి మనిషి అతనే. ఓబులమ్మత్త వైపు వేలు చూపించి, పసిదానికి అర్థమయ్యేలా ఒక్క మాటే అడిగాడు.

"అమ్మా?"

ఎవరని అడిగితే అత్త అనేదాన్నే. ఇతను ఈమె అమ్మా అని అడుగుతున్నాడు. అబద్ధం చెబితే కర్ర పడుతుందని భయం, తప్పు చెబితే గేటు మూసేస్తారని భయం. మా అమ్మ కొంగు గట్టిగా పట్టుకుని, నాకొచ్చిన అరబ్బీలో "లా" అన్నాను, కాదని. అమ్మ ఈవిడంటూ మా అమ్మని చూపించాను.

అధికారి నిటారుగా కూర్చుని ఖలాస్ అన్నాడు, కాగితం మీద ఒక పేరు కొట్టేశాడు. నాన్న అరిచారు, బల్ల పట్టుకుని బతిమాలారు, ఇద్దరు సైనికులు వచ్చి రెక్క పట్టుకుని వెనక్కి లాగారు. ఓబులమ్మత్త మాత్రం అరవలేదు. నా తల నిమిరి, నాన్నతో అంది.

"పాపనేమీ అనొద్దన్నా. బిడ్డ ఉన్న మాటే చెప్పె. మీరు పోండి, నేను ఎనకమాల వస్తా."

అది మెచ్చుకోలనుకున్నాను. ముళ్ళకంచె అవతల పాస్‌పోర్టు లేని ఆడవాళ్ళ గుంపులో ఆమె నల్ల అబాయా కలిసిపోయింది, మా బస్సు కదిలింది. పాస్‌పోర్టు లేకే ఆపేశారని అమ్మ చెప్పింది, నమ్మాను. ఊరు చేరాక నాన్న రాయచోటి వైపు ఆమె పల్లెకి చాలా ఉత్తరాలు రాశారు. ఒక్కదానికీ జవాబు రాలేదు.

మొన్నామధ్య మా కింది వాటాలోకి కువైట్ నుంచి సెలవుకి వచ్చిన ఒకమ్మాయి దిగింది. అరబ్బుల ఇంట్లో పనిచేస్తుంది. మాటల మీద మాట వచ్చి, వాళ్ళ మామా పిల్లలు మేనత్తని పట్టుకుని ‘అమ్మా అమ్మా’ అంటారండీ, అరబ్బీలో మేనత్తంటే అదే మాటట, మొదట్లో నాకు ఒకటే నవ్వు అని చెప్పింది. నాకు నవ్వు రాలేదు. నాన్న పోయి అప్పటికి ఆరేళ్ళు. ఊరికి ఫోన్ చేసి అమ్మని అడిగాను.

"మీ నాన్నగారికి ఆవేళే తెలిసిందమ్మా. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నారు," అంది.

బ్నీద్ అల్ గార్‌లో మా మేడ ఇప్పుడు లేదట, ఆ చోట అద్దాల భవనం లేచిందట. మెట్ల మీద అచ్చంగాయలాడిన పిల్లలు ఏ దేశాల్లో ఉన్నారో తెలియదు. అత్త అని నేను పిలిచిన మనిషి ఆ ఇసుకలో ఎన్నాళ్ళు నిలబడిందో చెప్పగలిగేవాళ్ళూ లేరు. గేట్లు మాత్రం ఉన్నాయి, ప్రతి రాత్రీ టీవీలో ఏదో ఒక దేశం గేటు ముందు జనం కనిపిస్తూనే ఉంటారు. వాళ్ళలో ఒక చిన్నపిల్ల ముందు ఎవరో అధికారి వంగి, నవ్వుతూ, ఏదో అడుగుతుంటాడు. చూడలేక టీవీ ఆపేస్తాను. అతను అడిగింది ఆ పిల్లకి తన భాషలో ఏమని వినబడుతోందోనని నా భయం.