తెల్లబండ కనిపించిన సాయంత్రం

మా చిన్నప్పుడు... రోజూ సాయంత్రం మా అవ్వ నన్ను ఒకటే ప్రశ్న అడిగేది. "గుట్ట యాడుంది బిడ్డా?"

ఇరవై రెండేళ్లకే చిన్నప్పుడేంటని నవ్వకండి... తెలంగాణ వచ్చిన కొత్తలో నాది నాలుగో తరగతి. మా ఊరు అచ్చంపేట దగ్గర, నల్లమల మొదలయ్యే చోట. మామూలు రోజుల్లో గుట్టలు దూరంగా, నీలంగా, పొగలా కనిపిస్తాయి. వాన వచ్చే ముందు మాత్రం గాలి తేటపడి, గుట్ట దగ్గరికి జరిగినట్టు ఉంటుంది... చెట్టు చెట్టూ విడిగా కనిపిస్తుంది. గుట్ట నడుమ ఒక తెల్లబండ ఉంది. అది కనిపించిందంటే వాన తప్పదని అవ్వ లెక్క.

అప్పటికే అవ్వ రెండు కళ్లకూ పొర కమ్మింది. అందుకని గుట్టను చూసి చెప్పే పని నాకిచ్చింది. ఆ పని చేతికొచ్చాక నేను ఇంట్లో అందరి మీదా పెత్తనం చేశాననుకోండి...

ఆ ఏడు చిత్త కార్తెలో మక్కలు... అదే మొక్కజొన్నలు, రోడ్డు మీద ఆరబోశాం. మా ఊళ్లో అందరికీ అదే కల్లం... రోడ్డుకు ఒక పక్క బస్సులు పోతుంటాయి, ఇంకో పక్క మక్కలు ఎండుతుంటాయి. ఈ పంట అమ్మగానే పట్నం దవాఖానలో అవ్వకు కంటి ఆపరేషన్ చేయిస్తానని నాయిన మాట ఇచ్చాడు. ముందటేడూ ఇచ్చాడు పాపం... కానీ మక్కలు వానకు తడిసి మొలకలెత్తాయి. ఆపరేషన్ ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నం టీవీలో సముద్రంలో వాయుగుండం అని చెప్పారు. తెర మీద తెల్లటి సుడి తిరుగుతోంది. కోస్తా జిల్లాల పేర్లు ఒక్కొక్కటే చదువుతుంటే నాయిన చెవులు రిక్కించి చివరిదాకా విన్నాడు. మా జిల్లా పేరు రాలేదు.

"మనకు సముద్రం యాడిది? గా వాన గాళ్లకే" అని, రోడ్డవతల హోటల్‌కు చాయ్ తాగడానికి పోయాడు.

సాయంత్రమైంది. నేను అరుగు మీద కచ్చకాయల ఆటలో ఉన్నాను... గెలుపు చేతికందే సమయం. లోపలి నుంచి అవ్వ అడగనే అడిగింది. నేను తల కూడా ఎత్తలేదు. "జాగలనే ఉందవ్వా!" అని అరిచాను.

ఆట గెలిచాను. కాళ్లు కడుక్కోవడానికి ఇంటి వెనక్కి పోయి ఊరికే తలెత్తి చూశాను. గుట్ట మా పెరట్లోకి వచ్చి నిలబడ్డట్టుంది. చెట్లు లెక్కపెట్టొచ్చు. నడుమ తెల్లబండ, కడిగిపెట్టినట్టు.

ఏం చేయాలి? చెప్తే అబద్ధం బయటపడుతుంది. చెప్పకపోతే మక్కలు తడుస్తాయి... అవ్వ కళ్లు మళ్లీ ఏడాది ఆగాలి. ఏడుస్తూనే లోపలికి పరిగెత్తాను.

"అవ్వా... ఇందాక చూడకుండనే చెప్పిన. తెల్లబండ కనవడుతుంది."

ఒక్కటి పడుతుందని చెంపకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అవ్వ చెయ్యి తడుముతూ నా భుజం పట్టుకుంది.

"ఇప్పుడు చూసి చెప్తున్నవు గదా... నడువు."

అంతే. చీపురు తీసుకుని నా భుజం ఆసరాతో రోడ్డెక్కింది. కాలికి తగిలిన మక్కలను తగిలినట్టే కుప్పకు ఊడ్చడం మొదలుపెట్టింది. హోటల్ దగ్గరున్నవాళ్లు నవ్వారు. నాయినకు తల కొట్టేసినట్టైంది. చాయ్ గ్లాసు వదిలేసి వచ్చాడు.

"వాన రాకడ, ప్రాణం పోకడ ఎవలికెరుకనే అమ్మా? టీవీవోళ్లకే తెల్వనిది గీ పోరికి తెలుస్తదా?"

"ప్రాణం సంగతి నాకెర్క లేదు గని... వాన సంగతి గుట్టకెర్క. పార తే పో."

కళ్లు కనబడని తల్లి రోడ్డు ఊడుస్తుంటే ఏ కొడుకు నిలబడి చూస్తాడు? గొణుక్కుంటూనే పార అందుకున్నాడు. అమ్మ టార్పాలిన్ పరదాలు తెచ్చింది. మమ్మల్ని చూసి పక్కవాళ్లు ఇద్దరు ముగ్గురు కూడా కుప్పలు చేశారు. పరదా అంచుల మీద నేను రాళ్లు పెడుతుంటే... దీపాలు పెట్టే వేళకు మొదటి చినుకు నా మెడ మీదే పడింది. ఆ తర్వాత రెండు రోజులు ఎడతెగని ముసురు.

మా మక్కలు తడవలేదు. దీపావళి దాటాక అవ్వకు ఆపరేషన్ అయింది. కట్టు విప్పి ఇంటికొచ్చిన సాయంత్రం తనే పెరట్లో నిలబడి చాలాసేపు గుట్టను చూసింది. నాకు లోపల దిగులు... ఇక నా పని పోయినట్టే కదా.

"తెల్లబండ కనవడుతుందా బిడ్డా?"

"నీకు కనవడ్తలేదా అవ్వా?"

"నాకు కనవడుతుంది. నీకు కనవడుతుందా అని అడుగుతున్న."

ఆ తర్వాత కూడా, ఉన్నన్నాళ్లూ, రోజూ నన్నే అడిగింది. ఒకసారి చూడకుండా చెప్పిన పిల్లను మళ్లీ మళ్లీ నమ్మడం ఎంత పెద్ద మనసో ఇప్పుడు తెలుస్తోంది. నా మాటకు విలువ కట్టిన మొదటి మనిషి మా అవ్వ... ఆమె రుణం ఏం చేసినా తీరదు.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నిన్న ఫోన్‌లో మళ్లీ కోస్తాకు వాయుగుండం అని వచ్చింది. వెంటనే నాయినకు ఫోన్ చేశాను. ఆయన దగ్గరా స్మార్ట్‌ఫోన్ ఉంది, ఆయనా చూశాడు. అయినా, "ఆగు బిడ్డా, జర చూసొస్త" అన్నాడు... చెప్పుల చప్పుడు పెరట్లోకి పోవడం నాకు వినబడింది.

నా కిటికీలోంచి చూస్తే ఎదురుగా అపార్ట్‌మెంటే. వానొచ్చినా, ఎండ కాసినా అది అక్కడే ఉంటుంది... ఒక్క అడుగు కూడా దగ్గరికి జరగదు.

మీ ఇంట్లో వాన సంగతి ఎవరు చెప్పేవాళ్లు? దేన్ని చూసి చెప్పేవాళ్లు? రాయండి... మా అవ్వ లేదు గానీ, ఉంటే అన్నీ నాతో చదివించుకునేది.