తాళం తిప్పగానే వెలగవలసిన ఎర్రదీపం

మొన్న మా ఆడపడుచు మనవరాలి ప్రధానానికి దేవరాపల్లి బయలుదేరితే, మా చిన్నల్లుడి పాత కారు చోడవరం దాటగానే ఎర్రదీపం పెట్టుకుంది. బ్యాటరీ బొమ్మ ఉంటుందే, ఆ దీపం. అల్లుడు చూసి కూడా పోనిచ్చాడు, చివరికి దారిలో ఒక షెడ్డు ముందు ఇంజను ఆగిపోయి మళ్ళీ లేవలేదు. ఆ మెకానిక్కు వేరే బ్యాటరీ తెచ్చి కారు లేపి, చిన్న మీటరు తగిలించి చూసి, ఆల్టర్నేటరు చార్జింగు ఇవ్వడం లేదు, ఇంకోటి తెప్పించి బిగిస్తానన్నాడు. అంతే, మారు మాట లేదు. నన్ను నీడలో బల్ల మీద కూర్చోబెట్టారు. అక్కడ కూర్చుంటే మా ఆయన, మా తెల్ల అంబాసిడరు, మా గోధుమరంగు కోడిపెట్ట ఒక్కసారే కళ్ళముందుకొచ్చారు. నాకు సంతకం పెట్టేంత చదువే, నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది, అందుకని మాట ముందువెనకలైతే మీరే సర్దుకోవాలి.

మా పెళ్ళైన కొత్తలో ఆయన లైను లారీ మీద ఉండేవారు. బెల్లం ఎక్కించుకుని వెళ్ళారంటే మళ్ళీ ఏ వేళకి గుమ్మంలోకి వస్తారో తెలిసేది కాదు. మా పెద్దపిల్ల మొదటిసారి నాన్నా అని పిలిచింది గోడ మీది ఫొటోని, మనిషిని కాదు. ఆ మాట విన్న తరువాతే ఆయన లారీ దిగిపోయి, మా బావగారితో సగం సగం వేసుకుని ఆ పాత అంబాసిడరు కొన్నారు. పొద్దున్నే టీచర్లని చీడికాడ బళ్ళో దింపడం, సాయంత్రం తీసుకురావడం, మధ్యలో ఎవరికైనా ఆసుపత్రికో పెళ్ళిచూపులకో వెళ్ళడం, చీకటి పడేసరికి ఇంటికి వచ్చి పిల్లల పక్కన కూర్చుని అన్నం తినడం. నాకు ఆ కారంటే కారు కాదు, ఆ కంచం ముందు మనిషి.

అలాంటిది ఒక శీతాకాలం దానికి ఏదో తగులుకుంది. సాయంత్రం బాగానే వస్తుంది, తెల్లారి తాళం తిప్పితే కిక్కురుమనదు, బ్యాటరీలో చుక్క కరెంటు ఉండదు. మన వయసువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అప్పుడు తోస్తే లేవడానికని బండ్లని పల్లం వైపు తిప్పి పెట్టుకునేవాళ్ళం. మా వీధి మొదట్లో కాస్త వాలు ఉండేది, కారు అక్కడ పెట్టి చక్రానికి రాయి అడ్డం వేసేవారు. పొద్దున్న రాయి తీయడం నా పని, తోయడం అందరి పని. గంజిపెట్టిన చీరల్లో టీచరమ్మలు కూడా సంచులు నా చేతికిచ్చి తోసేవారు. అదే దారిలో కొత్తగా జీపు దింపిన ఒకాయన పక్కన ఆపి మరీ అడిగేవాడు, "ఏటన్నా, టీచర్లకి జీతం బడోళ్ళిస్తన్నారా, నువ్విస్తన్నావా?" అని. వాళ్ళు నవ్వేవారు, కానీ ఒక్కొక్కరూ జీపెక్కడం మొదలుపెట్టారు.

బ్యాటరీదే తప్పని అందరూ అన్నారు. ఆయన దాన్ని సైకిలు మీద పెట్టుకుని చార్జింగు షాపుకి మోసుకెళ్ళేవారు, అక్కడ రాత్రంతా పెట్టి చూస్తే పువ్వులా నిలిచేది, కారులో పెడితే తెల్లారేసరికి చచ్చేది. పోనీ డైనమో కరెంటు పుట్టించడం లేదేమోనని సాయంత్రంపూట నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, తాను లైట్ల ఎదురుగా నిలబడేవారు. "తొక్కే" అంటే నేను యాక్సిలరేటరు తొక్కాలి, "సాలు, ఒగ్గెయ్" అంటే వదలాలి. తొక్కినప్పుడల్లా లైట్ల వెలుగు ఆయన చొక్కా మీద తెల్లగా పెరిగేది. కరెంటు పుడుతోంది మరి. ఫ్యాను బెల్టు బొటనవేలితో నొక్కి చూశారు, బిగువుగానే ఉంది. బ్యాటరీ మొనల మీద పట్టిన తెల్లటి పొక్కుని వేణ్ణీళ్ళు పోసి కడిగారు. చార్జింగు తప్పితే వెలిగే ఎర్రదీపం కూడా వెలగడం లేదు కదా, కారుకి ఏ రోగమూ లేదు, మన తలరాతకే రోగం అనేవారు.

దీనికి తోడు ఆ పెట్ట. అప్పటిదాకా బుద్ధిగా గంప కింద పడుకునేది కాస్తా, ఆ చలిలో కారు కిందనుంచి దూరి ఇంజను పక్కన ఎక్కి పడుకోవడం నేర్చింది. ఆయన బానెట్ ఎత్తినప్పుడల్లా రెక్కలు కొట్టుకుంటూ ముఖం మీదకి ఎగిరేది, ఇద్దరికీ రోజూ తగువే. ఒకసారి మా ఊరి మెకానిక్కు చెప్పాడని రాత్రికి బ్యాటరీ వైరు ఊడదీసి పెట్టారు. తెల్లారి కారు ముద్దుగా లేచింది. ఆ ఒక్కరోజు పెట్ట గంప కిందే ఉంది. నేను చూశాను కానీ, కోడి ఎక్కడ పడుకుందో మగవాళ్ళకి చెప్పే మాటా అని ఊరుకున్నాను. వైరు తీస్తే నిలుస్తోంది కాబట్టి బ్యాటరీని తాగేది కారులోనే ఎక్కడో ఉందని తేలింది, ఎక్కడో మాత్రం దొరకలేదు. ఆపిన ప్రతిచోటా దిగి వైరు తీసి పెట్టుకునే టాక్సీ ఎవరెక్కుతారు?

మా బావగారు చెడ్డవారు కాదు, ఆయనకీ విసుగొచ్చింది. మా వసారాలో కూర్చుని, "ఒరే తమ్ముడూ, ఇది కారు కాదురా, తోపుడుబండి. కోటపాడోళ్ళు ఆదివారం ఆరాధన అయ్యేక సూడ్డానికొస్తన్నారు, ఇచ్చేద్దాం. నీకేటి, లారీ వోనర్లు ఎప్పుడంటే అప్పుడే పిలుస్తన్నారు గదా" అన్నారు. మా ఆయన తల ఊపారు. నేను లోపలికి వెళ్ళి గోడ మీది ఫొటో కేసి చూసి, దాన్ని తీసి పెట్టెలో పడేశాను.

ఆదివారం కొనేవాళ్ళ ముందు కారు లేవాలి కదా, ఆ శనివారం పొద్దున్నే షాపునుంచి బ్యాటరీ తెచ్చి మెకానిక్కు చేత బిగించారు. రాత్రంతా ఆగి ఉన్న ఇంజను చల్లగా ఉంది. నేను ఎప్పటిలాగే సీట్లో కూర్చున్నాను. మెకానిక్కు తాళం ఒక మెలిక తిప్పి ఉంచమన్నాడు. తిప్పాను. ఎదురుగా ఎర్రదీపం అద్దం నల్లగా ఉంది.

"దీపం ఎలగనేదండి" అన్నాను.

"ఎలక్కపోతే మంచిదే కదేటే. ఎలిగితేనే గదా బాధ" అన్నారాయన.

"కాదండి. మునుపు తాళం తిప్పగానే ఎలిగేది, ఇంజను లెగిసేక ఆరేది. ఇప్పుడు ముందరే ఎలగట్నేదు."

మెకానిక్కు బానెట్ కిందనుంచి తల తీశాడు. "వొదినా, ఆ ముక్క మళ్ళీ సెప్పు" అన్నాడు. మళ్ళీ చెప్పాను. బల్బు పోయిందేమోనని ఊడదీసి చూశాడు, బాగానే ఉంది. అప్పుడిక సిగ్గు వదిలేసి పెట్ట సంగతి కూడా చెప్పాను, వైరు తీసిన రోజు అది రాలేదని. ఆయన నవ్వారు గానీ మెకానిక్కు నవ్వలేదు. కాసేపు ఆగి డైనమో మీద అరచెయ్యి పెట్టి, మా ఆయన చెయ్యి కూడా లాగి దాని మీద పెట్టాడు. ఇంజను మంచులా ఉంది, తిరగని డైనమో మాత్రం అప్పుడే పొయ్యి మీంచి దించిన గిన్నెలా ఉంది.

సంగతేమిటంటే, డైనమోకీ బ్యాటరీకీ మధ్య ఒక చిన్న డబ్బా ఉండేది, కట్‌అవుట్ అనేవారు. ఇంజను తిరిగినంతసేపూ డైనమో కరెంటుని బ్యాటరీలోకి వదలడం, ఇంజను ఆగగానే దారి మూసేయడం దాని పని. లోపలి పాయింట్లు మాడి అతుక్కుపోయాయి, తలుపు మూత పడటం లేదు. పగలంతా నింపిన కరెంటు రాత్రి వెనక్కి ప్రవహించి డైనమోని కాచేది, పెట్ట దాని మీద చలి కాచుకునేది. దీపానికి రెండు పక్కలా సమానంగా కరెంటు ఉండబట్టి అది వెలిగేది కాదట. వెలగడం లేదని మేం సంతోషించిన దీపమే రోజూ చెబుతూ ఉంది.

మెకానిక్కు డబ్బా విప్పి, పాయింట్లు విడదీసి గరుకు కాగితంతో రుద్ది సరిచేశాడు. "ఈ పెట్టని కొయ్యకండన్నా, మా షెడ్డులో పనికెట్టుకుంతాను" అన్నాడు. తాళం తిప్పితే దీపం ఎర్రగా వెలిగింది. మర్నాడు తాళం తిప్పగానే కారు లేచింది, దాన్లోనే అందరం ప్రార్థన గుడికి వెళ్ళాం. పాటలు పాడుతున్నప్పుడు నా గొంతు అందరికంటే పైకి వినిపించిందని పాస్టరమ్మ తరువాత నవ్వారు. కోటపాడు వాళ్ళు వస్తే మా బావగారే గుమ్మంలో నిలబడి, కారు ఇవ్వటం లేదని టీ ఇచ్చి పంపేశారు.

ఆ తరువాత ఆయనకి ఒక అలవాటు పట్టుకుంది. పొద్దున్నే తాళం ఒక మెలిక తిప్పి ఆగి, "ఎలిగిందేటే?" అని నన్ను అడిగేవారు. దీపం ఉన్నది ఆయన కళ్ళెదురుగానే. నేను కిటికీలోంచి వంగి చూసి ఎలిగిందండి అంటే తప్ప ఇంజను లేపేవారు కాదు. మళ్ళీ మా కారే ఎక్కిన టీచరమ్మలు వెనక సీట్లో నోటికి కొంగు అడ్డం పెట్టుకునేవారు. ఇంట్లో ఏ పనికీ నన్ను అడగని మనిషి కాదు, అలాగని ప్రతిదానికీ అడిగే మనిషీ కాదు. ఆ ఒక్కటి మాత్రం కారు ఉన్నన్నాళ్ళూ, పిల్లల పెళ్ళిళ్ళు అయిపోయి చూపు మందగించినా అడుగుతూనే ఉన్నారు. ఆయన పోయాక కారు పాత ఇనుముకి పోయింది. ఇప్పటి బండ్లకి తాళం తిప్పితే రథం మీద సీరియల్ లైట్లలా బోలెడు దీపాలు వెలిగి ఆరిపోతాయి, అవి వెలిగాయో లేదో చూసే తీరిక నడిపేవాళ్ళకి ఉండదు, చూడమని పక్కవాళ్ళని అడిగే అవసరం అసలే లేదు.

మొన్న షెడ్డులో కొత్త సామాను బిగించడం అయ్యాక, అల్లుడు నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి ఫోను మాట్లాడుతూ తాళం తిప్పాడు. ఎర్రదీపం వెలిగింది. నన్నెవరూ అడగలేదు. నేనే కాస్త వంగి చూసి, ఎలిగిందండి అన్నాను.