రుజువు లేనిదే మెతుకు ముట్టని మామ

మా మేనమామ పేరుమోసిన గణిత శాస్త్రజ్ఞుడు. ఆయన కనిపెట్టిన సిద్ధాంతమేదో దేశదేశాల పుస్తకాల్లో ఉందట. ఉంటే ఉండనీ, ఆయనతో ఒక్క ఇంట్లో వేగినవాడికి తెలుస్తుంది బాధ. పాలు కాగాయంటే నమ్మడు, గిన్నె తాకి చూస్తాడు. వాన పడుతోందంటే కిటికీలోంచి చెయ్యి చాపి, తడిస్తేనే ఔనంటాడు. ఒక విలేకరి వచ్చి, "మీరు నెల్లికుదురులోనే పుట్టారట కదా సార్" అంటే, "అలా అంటారు. అప్పుడు నేను గమనించే స్థితిలో లేను" అన్నాడు. విలేకరి నవ్వాడు. మామ నవ్వలేదు.

ఉద్యోగమంతా కోస్తాలో చేసి, భార్య పోయాక తొర్రూరులో మా ఇంటికి వచ్చాడు. తన అక్క, అంటే మా అమ్మ, వండితేనే తింటాడు. నేను టీ పెట్టి ఇస్తే వాసన చూసి పక్కన పెడతాడు. నాకు ఒళ్లు మండేది.

వచ్చింది కూడా మంచి సమయం చూసుకునే వచ్చాడు. తెలంగాణ రాష్ట్రం కోసం ఊరూరా దీక్షా టెంట్లు పడ్డ రోజులవి. మేం టీచర్లమంతా సమ్మెలో ఉన్నాం. మామదేమో, పుట్టింది ఇక్కడి నెల్లికుదురులోనే అయినా, అచ్చం కోస్తా మాట. పైగా రోజూ టెంటు ముందు నిలబడి తలలు లెక్కపెట్టేవాడు. ఎందుకు మామా అంటే, "పేపర్లో వేలాది మంది అని రాశార్రా. చూద్దామని" అన్నాడు.

ఇంకేముంది, టెంటులోని కుర్రాళ్లు నా దగ్గరికి వచ్చారు. "సారూ, గీ లెక్కలన్నీ మీ మామ ఎవలికి చెప్తుండు? జై తెలంగాణ అనుమంటే, తేలనిది అననంటడు."

నిజం చెప్పొద్దూ, నాకూ అనుమానం పుట్టింది. అన్నేళ్లు అక్కడి తిండి తిన్నవాడు. ఫోన్ వస్తే పెరట్లోకెందుకు పోతాడు? తలుపు చాటు నుంచి విన్నాను కూడా. అన్నీ అంకెలే, ఒక్క ముక్క అర్థం కాలేదు.

"రేపు వంటావార్పు. మాతోని కూసొని తింటే మనోడు. లేకుంటే బస్సెక్కియ్యుండ్రి" అని చెప్పి పోయారు.

అమ్మ అంతా విన్నది. "ఇప్పుడు పోతే మల్ల రాడు కొడుకా. తోడబుట్టినోళ్లల్ల గీ తమ్ముడొక్కడే మిగిలిండు" అని కొంగుతో కళ్లొత్తుకుంది.

మర్నాడు వరంగల్ రోడ్డు మీదే రాళ్ల పొయ్యిలు పెట్టి వండాం. అక్కడే కూర్చొని తినడమే నిరసన. మా టీచర్ల కిచిడీ కాస్త అడుగంటింది. అమ్మ పొద్దున్నే మామను వెంటబెట్టుకొచ్చి, బంతిలో తన పక్కనే కూర్చోబెట్టుకుంది. అక్కడి నుంచి కదల్లేదు.

విస్తట్లో కిచిడీ పడింది. మామ వాసన చూశాడు. చెయ్యి పెట్టలేదు. కుర్రాళ్లు తినడం ఆపి ఆయన చేతినే చూస్తున్నారు.

"ఎవరు వండారు ఇది?" అన్నాడు మామ.

చచ్చాం, టీచర్లు వండారంటే ముట్టడు అనుకున్నాను.

"నేనే వండిన తమ్మీ. తిను" అంది అమ్మ.

మామ అమ్మ ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత కలుపుకుని తినడం మొదలుపెట్టాడు. మాడు ముక్కలు కూడా వదల్లేదు.

"ఇగ పరేషాన్ లేదు, మనోడే" అన్నాడు ఎవడో.

నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. వడ్డించే వంకతో దగ్గరికి పోయి చెవిలో అడిగాను. "మామా, అమ్మ పొద్దున్నుంచీ నీ పక్కనే ఉంది కదా."

"ఎరుకేరా" అన్నాడు మామ, తలెత్తకుండా, అచ్చం నెల్లికుదురు మనిషిలా. "ఇంకింత పెట్టు. అక్క చూస్తున్నది."