పొగ వేసేదాకా తవ్వకం లేదు

డల్సీ తొలిసారి గెలిచింది మాడిన కాయపెంకులతో. ఈ వాన అడవి నడిమధ్యన మా పాతవాళ్లు కాపురమే ఉండలేదని, సముద్రపు ఒడ్డు నుంచి అప్పుడప్పుడు వచ్చిపోయేవాళ్లని చదువుకున్నవాళ్లు రాసిపెట్టారు. డల్సీ ఏళ్ల తరబడి వాళ్ల వెంటపడి, తన తాతల విడిదికి లాక్కొచ్చి తవ్వించింది. లోతున చేదుకాయల పెంకులు బొగ్గయి కుప్పగా దొరికాయి. ఆ కాయను కాల్చి, దంచి, వాగునీట్లో నానబెడితేగాని విషం పోదు. దారినపోయేవాళ్లు వండుకునే తిండి కాదది. ఆ బొగ్గుకు రెండువేల ఏళ్లు దాటాయని తేలింది. తర్వాత ఆ విడిది మీదుగా వేయబోయిన దుంగల లారీల రోడ్డును పక్కకు మళ్లించిందీ మా డల్సీయే.

ఈ ఏడు వాగు ఎగువన రెండో విడిదిలో తవ్వకం మొదలైంది. అక్కడ అంతకన్నా పాత పొర ఉందని ఆవిడ నమ్మకం. గుంట నడుములోతు దిగిందో లేదో, ఆ విడిదిలోనే పుట్టిన ఆవిడ తమ్ముడు పోయాడు. మా పద్ధతి ప్రకారం ఇప్పుడు ఆయన పేరు ఎవరూ పలకరు. పచ్చి ఆకులు కాల్చి పొగ వేసి, ఆయన ఆత్మను సాగనంపేదాకా ఆయన చోట ఎవరూ అడుగుపెట్టరు. దారికి అడ్డంగా కొమ్మలు వేయించింది డల్సీయే.

తవ్వకాలమ్మాయి ఇంగ్రిడ్ బతిమాలింది. "ఆంటీ, వానలొస్తే గుంట కూలిపోతుంది. ఆ పొగేదో మీరే వేసెయ్యొచ్చుగా?"

"నేను అక్కని. వెయ్యాల్సింది కూతురు. రేపు నీ పెళ్లిలో నీ బదులు నన్ను నిలబడమంటావా?"

చెల్లెలి కొడుకు రోలండ్ నవ్వాడు. "తవ్వండి తవ్వండి అని అరిచిందీ నువ్వే, ఆపండని అరిచేదీ నువ్వే. వాళ్లకి పిచ్చెక్కుతోంది పెద్దమ్మా!"

"నాకెక్కలేదనుకున్నావా? నోరు మూసుకుని టీ పెట్టు."

తమ్ముడి కూతురు మెర్ల్ పడమటి పశువుల మేతభూముల్లో వంటమనిషి. అంత్యక్రియలకొచ్చి, తండ్రి చోటు చూడలేనంటూ మర్నాడే వెళ్లిపోయింది. డల్సీ ఫోన్ చేస్తే, "ఇప్పుడే కాదత్తా. నీ బొగ్గులెక్కడికీ పోవులే," అంది.

"పోతాయే! వాగు పొంగితే అన్నీ పోతాయి!"

అప్పటికే మెర్ల్ ఫోన్ పెట్టేసింది.

డల్సీకి ఒళ్లు మండిపోయింది. ఆ కొమ్మలు పక్కకు లాగెయ్యడం ఎంతసేపు? అడవిలో చూసేదెవరు? కానీ ఈ నేల మాది, మా పద్ధతి మాది అంటూనే ఇన్నాళ్లూ గెలిచింది. ఇప్పుడు తనే కొమ్మలు తీస్తే ఆ మాటకు విలువేముంటుంది? వండుకున్న కూర అలాగే వదిలేసి సంచీ సర్దుకుంది.

"మెర్ల్ రానంటే ఏం చేస్తావు?" అన్నాడు రోలండ్.

"దాని వంటింట్లో కూర్చుంటా. ఎన్నాళ్లు తిండి పెడుతుందో చూస్తా!"

మెర్ల్ వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. డల్సీ మాత్రం వానలు రాకముందే, నవంబరు పదకొండు, మంగళవారం బస్సులో తిరిగొస్తుంది; తిరుగు టికెట్టు ముందే కొనుక్కుంది.