నేను పాడని నా పాట

పదహారేళ్ళపాటు నేను అమ్మవారి పాటలు పాడాను. సినిమాలకు కాదు. పండగ దగ్గర పడుతోందంటే మా వైపు ప్రతి ఊరివాళ్ళూ తమ గ్రామదేవత మీద ఒక కొత్త పాట చేయించుకునేవారు. ఆ నెలంతా మైకుల్లో, ఆటోల్లో అదే మోగేది. అలాంటివి ఎన్ని పాడానో నాకే గుర్తులేదు. గాజువాకలో ఒక మేడ మీద రెండు గదుల స్టూడియో ఉండేది. మావారు స్టీల్ ప్లాంటుకు వెళ్ళాక నేను ఉక్కునగరం క్వార్టర్ నుంచి బస్సెక్కి అక్కడికి వెళ్ళి, పాట నేర్చుకుని పాడి, పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు ఇంటికి చేరేదాన్ని.

స్టూడియో నడిపే అతను నాకంటే పదేళ్ళు చిన్నవాడు. అక్కా అని పిలిచేవాడు. నా గొంతు ఎక్కడ బిగుసుకుంటుందో నాకంటే ముందు అతనికే తెలిసేది. వెంటనే పాట ఆపి, నీళ్ళు తాగమని అద్దం అవతలి నుంచి సైగ చేసేవాడు.

ఒక వేసవిలో పాట ఏదీ లేకుండానే రమ్మన్నాడు. మూడు రోజులు వరుసగా నాచేత సరళీ స్వరాలు, అచ్చులు, పాత పాటల ముక్కలు పాడించాడు. నెమ్మదిగా ఒకసారి, వేగంగా ఒకసారి, గొంతెత్తి ఒకసారి. ఎందుకని అడిగితే, "కొత్త సాఫ్ట్‌వేర్ అక్కా. రేపు నీకు జలుబు సేసినా పని ఆగదు" అన్నాడు. నా మీద ఎంత శ్రద్ధో అనుకున్నాను. మూడో రోజు పులిహోర కూడా పట్టుకెళ్ళాను.

ఆ తరువాత పిలుపులు తగ్గాయి. పండగల కాలమంతా కలిపి రెండే పాటలు. ఈ ఏడాది ఊళ్ళవాళ్ళకు సరదా తగ్గింది కాబోలనుకున్నాను.

మా కన్నవారి ఊరు పద్మనాభం దగ్గర. పంట నూర్పులయ్యాక అక్కడికి వెళితే మా తమ్ముడి భార్య వాకిట్లోనే ఎదురొచ్చి ఫోను నా చెవి దగ్గర పెట్టింది.

"మన అమ్మోరి మీద పాడీసి మాకొక్క ముక్క సెప్పలేదేటి వదినా!"

విన్నాను. నా గొంతే. 'ళ' దగ్గర నాలుక కొంచెం మందంగా తిరగడం, పదం చివర నాకు తెలియకుండానే పలికే చిన్న జీర, అన్నీ నావే. పాట మాత్రం నేనెప్పుడూ వినలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, మొదట నా మీదే నాకు అనుమానం వచ్చింది. పాడి మరిచిపోయానా అని వెనక్కి వెళ్ళి వెతుక్కున్నాను. రెండో చరణం వచ్చాక అర్థమైంది. నాలుగు పాదాలు ఊపిరి తీసుకోకుండా సాగిపోయాయి. నేను రెండు పాదాలకే ఆగుతాను.

"ఇన్నేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ పాడలేదే నువ్వు" అంది మా అమ్మ కళ్ళొత్తుకుంటూ. అది నేను కాదని ఆవిడకు చెప్పలేకపోయాను.

మర్నాడు స్టూడియోకి దెబ్బలాటకే వెళ్ళాను. అతను నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"నా గొంతు ఎవులికిచ్చినావు?" అన్నాను.

"మెషిన్లో ఎట్టినానక్కా. మొదట రెండు పాటలు నానే సేసినాను. పండగ కమిటీవోళ్ళు తేడా పట్టలేదు. తర్వాత ఒక యూట్యూబ్ ఛానెలోళ్ళు నీ గొంతు ఫైలు అడిగితే ఇచ్చీసినాను. ఇప్పుడది ఎక్కడెక్కడ తిరుగుతందో నాకూ తెల్దు."

"నన్నొక్క మాట అడగలేదేం?"

"అడిగితే వద్దంటావని." తల దించుకున్నాడు. "నా పనీ అయిపోనాదక్కా. ఊరి పేరు, అమ్మోరి పేరు ఫోన్లో కొడితే సాలు. అదే రాసి, బాణీ కట్టి, నీ గొంతుతో పాడి ఇచ్చేత్తంది. ఇంక నాతో ఏటి పని ఆళ్ళకి? వచ్చే నెల గది ఖాళీ సేసేత్తన్నాను."

"నా గొంతు తీయించెయ్యి."

"ఎక్కడి నుంచని తీయమంటావక్కా?"

మెట్లు దిగి వచ్చేశాను.

మా కన్నవారి ఊరి పండగకు కమిటీవాళ్ళు నాకు సన్మానం పెట్టారు. ఆ పాటే పాడాలన్నారు. నిజం చెప్పెయ్యమన్నారు మావారు. "మా అమ్మే నమ్మదు" అన్నాను. వంటింట్లో ఫోను పెట్టుకుని వారం రోజులు నేర్చుకున్నాను. నా గొంతు ముందు పాడుతుంటే, దాని వెనకాల నేను పాడాను.

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే స్టేజీ ఎక్కించారు. పల్లవి బాగానే వచ్చింది. రెండో చరణం మూడో పాదంలో ఊపిరి చాలక శ్రుతి జారింది. "గొంతు పాడైపోయినట్టుంది, పాపం" అన్నాడు ముందు వరుసలో ఒక పెద్దాయన. మైకు సెట్టు దగ్గరున్న మనిషి నా అవస్థ చూసి, సాయం చేద్దామనుకుని, ఫోన్లో ఉన్న పాట పెట్టేశాడు. జనం ఈలలు వేశారు. నేను స్టేజీ దిగలేదు. మైకు నోటి దగ్గరే ఉంచుకుని చివరిదాకా పెదవులు కదిపాను.

శాలువా కప్పారు. తిరిగి వస్తుంటే మావారు నా చెయ్యి పట్టుకున్నారు.

మొన్న ఆనందపురం అవతలి ఊరి నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. "పాట మేమే సేసీసుకున్నాం మేడం. మీరు పాడక్కర్లేదు. వచ్చి స్టేజీ మీద నిలబడితే సాలు."

వద్దనడానికి ఏదైనా కారణం దొరుకుతుందేమోనని చూశాను.

"ఏ రోజు?" అని అడిగాను.