పసుపు పెట్టిన బంగారు నాణెం

కొన్నేళ్ళ కిందట చెరకు డబ్బులు రాగానే చోడవరంలో ఒక బంగారు నాణెం కొన్నాను. అట్టకి అతికించి, ప్లాస్టిక్‌తో సీలు వేసి ఇచ్చారు. ఆనాటి నుంచి రోజూ టీవీలో బంగారం ధర చూసేవాణ్ణి. అది పెరిగిన రోజున మా గేదె కూడా పాలు ఎక్కువిచ్చేదంటే మీరు నమ్మరు.

ఈ వేసవిలో బోరు మోటారు కాలిపోయి, చెరకు ఎండిపోసాగింది. నాణెం అమ్మి మోటారు కొందామని నేనూ మా ఆవిడా అదే దుకాణానికి వెళ్ళాం. దుకాణదారు అట్ట తిప్పి చూశాడు.

"సీలు ఎవులు కోసేరు బాబూ? మళ్ళీ పరీక్ష సెయ్యాల. ధర కొంత తగ్గుతాది."

మా ఆవిడ కొంగు సర్దుకుంది.

"వరలక్ష్మీ పూజకి నేనే కోసేను. అమ్మోరికి ప్లాస్టిక్కు మీద పసుపెట్టమంటారేటి?"

"మరి టీవీలో సెప్పిన ధర?" అన్నాను.

"ఆ ధరకి టీవీవోడికే అమ్ము బాబూ!"

కొన్నప్పుడు కట్టిన తయారీ కూలీ, పన్ను కూడా తిరిగి రావని అప్పుడే తెలిసింది. అయినా ఇన్నేళ్ళలో బంగారం బాగా పెరిగింది కాబట్టి, కోతలన్నీ పోగా మోటారుకి సరిపోయింది.

మర్నాడే చేలో నీళ్ళు పారాయి. ఆ తర్వాత మా చెరకు ఎంత ఎత్తు పెరిగిందంటే, దాన్ని దాటే కాకులు మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకునేవి.