పగలని బండ

మా పెదనాన్నకు ఒంట్లో ఏ జబ్బూ లేదు, తోడల్లుడు తప్ప.

ఆయన బతుకంతా కొండమీద రాళ్లు కొట్టాడు. ఆ తోడల్లుడు, అంటే మా బాబాయి, అదే కొండమీద కొలిమి దగ్గర కూర్చుని, అరిగిన ఉలులకు పదును పెట్టేవాడు. క్వారీ మూతపడ్డాక, రాళ్ల బండ్లు దిగిన బాటను నడకకు వచ్చేవాళ్ల కోసం బాగుచేశారు. దారి చూపించి పాత సంగతులు చెప్పే మనిషి కావాలన్నారు. మాటకారి కాబట్టి ఆ పని బాబాయికి దొరికింది.

"సొమ్మొకడిది, సోకొకడిది. వాడు ఒక్క రాయైనా పగలగొట్టాడేమో అడుగు," అని పెదనాన్న రోజూ నా ప్రాణం తీసేవాడు. చివరికి ఒకరోజు, నలుగురిలో వాడి పరువు తీసొస్తానని బయల్దేరాడు. ఎక్కడ కొట్టుకుంటారోనని నేనూ వెంట వెళ్లాను.

బాబాయి మమ్మల్ని చూసి తలూపి, తన ధోరణిలో తాను నడిచాడు. నున్నగా తెగిన కొండగోడ దగ్గర ఆగి, "ఇది మేం కోసిందేనండి," అన్నాడు. జనం ఆయన్ని పక్కన నిలబెట్టి ఫొటోలు తీసుకున్నారు.

"ఆ గోడ నాది," అని పెదనాన్న పళ్లు కొరుకుతూ నా చెవిలో అన్నాడు.

"చెప్పు మరి."

"పైకి పోనీ. అక్కడ కడిగేస్తా."

పైన మలుపులో ఒక పెద్ద బండ ఉంది. దానిమీద వరుసగా గుంటలు, వాటిలో తుప్పుపట్టిన ఇనుప చీలలు. రాతికి పొర ఉంటుంది. దాని వెంట చీలలు దిగగొడితే రాయి విచ్చుకుంటుంది, అడ్డంగా కొడితే ఎంత బాదినా కదలదు. ఇక్కడ అడ్డంగా కొట్టింది పెదనాన్నే, అదీ పేరుమోసిన మేస్త్రీ అయ్యాక, ఎవరు చెప్పినా వినకుండా. అప్పట్లో క్వారీ అంతా నవ్వింది. మా ఇంట్లో ఆ బండ ఊసు ఎవరూ ఎత్తరు.

"ఇదెవరి నిర్వాకం?" అని ఒకాయన అడిగాడు.

పెదనాన్న తల దించుకున్నాడు. బాబాయి ఆయన వంక ఒకసారి చూసి, "నాదేనండి. పొర చూసుకోలేదు," అన్నాడు. తప్పు ఒప్పుకున్నందుకు అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు.

ఇంకొకరైతే బతికిపోయాననుకునేవారు. పెదనాన్న మొహం కందగడ్డ అయింది. జనాన్ని తోసుకుని ముందుకెళ్లాడు.

"అబద్ధం. తప్పు చేయాలన్నా వాడు ఉలి పట్టాలి కదా. ఈ గుంటలు నావి. అడ్డంగా కొట్టింది నేను."

"గోడ సంగతి కూడా చెప్పు పెదనాన్నా," అని గొణిగాను. ఆయన వింటేగా. బండమీద చెయ్యేసి, ఏ గుంట దగ్గర ఎలా మోసపోయాడో చెబుతున్నాడు. జనం చుట్టూ మూగారు.

బాబాయి ఒక్కడే పక్కన మిగిలాడు. ఇన్నాళ్లూ మా ఇంట్లో నేను చూసిన కుళ్లు ఇప్పుడు ఆయన కళ్లలో కనిపించింది. ఆ కొండమీద చెప్పుకోవడానికి ఆయనకు సొంత తప్పైనా లేదు.